అప్పటికే, ఇప్పటికే, ఇంకా లేదు: మన్యం చరిత్ర రాయడంలో ‘ఆల్రెడీ’ వాడుక

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ‘ఆల్రెడీ’ అనే కాలవాచక క్రియావిశేషణాన్ని ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ, ఏ క్రియారూపంతో వాడాలో చెప్పగలుగుతారు;
• తెలుగులోని ‘ఇప్పటికే’, ‘అప్పటికే’, ‘ఇంకా లేదు’ అనే మాటలకు సరైన ఇంగ్లీషు రూపాలు ఎంచుకోగలుగుతారు;
• విశాఖ, గోదావరి మన్యాల చరిత్రలో ఏ సంఘటన ముందు, ఏది వెనుక అన్నది తేల్చి, కార్యకారణ సంబంధాన్ని సరిగా రాయగలుగుతారు;
• గిరిజనుల భూమి హక్కులు గడువు తేదీలపై ఎలా ఆధారపడి ఉన్నాయో వివరించగలుగుతారు.

1. ప్రస్తావన

ఇంగ్లీషు రాదనుకునే వారు కూడా రోజుకు పదిసార్లు వాడే ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఆల్రెడీ’ వాటిలో ఒకటి. అరకు సంతలో వినండి, పాడేరు బస్సులో వినండి. “ఆల్రెడీ టికెట్ తీసుకున్నానండీ”, “ఆల్రెడీ చెప్పాను కదా” అంటుంటారు. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. పరీక్షలో ఇంగ్లీషు వాక్యం రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ చిన్న మాట దగ్గర చాలామంది తడబడతారు.

ఇది చరిత్ర పాఠం కదా, ఇందులో ఇంగ్లీషు వ్యాకరణం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. దానికి కారణం ఒక జవాబు పత్రం. కొన్నేళ్ల క్రితం నేను దిద్దిన పత్రాల్లో ఒక విద్యార్థి ఇలా రాశాడు: “1882 నాటి అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయాన్ని అడ్డుకుంది. అందువల్ల 1879లో రంప తిరుగుబాటు జరిగింది.” రెండు తేదీలూ సరైనవే. చట్టం పేరూ సరైనదే. అయినా వాక్యం నిలవదు. నేను పక్కన ఎర్ర సిరాతో రెండే మాటలు రాశాను: “అప్పటికే ఉందా?”

ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ‘ఆల్రెడీ’ సరిగా వాడడం అంటే ఆ ప్రశ్న వేసుకోవడమే.

2. ‘ఆల్రెడీ’ లోపల ఉన్న గడువు

ముందు తెలుగు మాటను విడదీసి చూద్దాం. ‘అప్పటికే’ అంటే ‘అప్పటికి’ అనే మాటకు చివర ‘ఏ’ చేరింది. ‘అప్పటికి’ అనేది ఒక గడువు. ‘ఏ’ అనేది ఆ గడువు దాటకముందే పని అయిపోయిందని నొక్కి చెబుతుంది. ‘ఇప్పటికే’ కూడా ఇటువంటిదే. అక్కడ గడువు మనం మాట్లాడుతున్న ఈ క్షణం. అంటే తెలుగులో గడువు మాటలోనే కనిపిస్తూ ఉంటుంది.

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ‘ఆల్రెడీ’ ఒక్కటే మాట. మరి గడువు ఎక్కడ ఉంది? అది క్రియలో ఉంటుంది. గడువు ‘ఇప్పుడు’ అయితే క్రియ సాధారణంగా ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ఉంటుంది: “ఐ హ్యావ్ ఆల్రెడీ సబ్మిటెడ్ ది అసైన్‌మెంట్.” ఇది ‘ఇప్పటికే’. గడువు గతంలో ఒక సమయం అయితే క్రియ పాస్ట్ పర్ఫెక్ట్‌లో ఉంటుంది: “వెన్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రైన్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్.” ఇది ‘అప్పటికే’. చరిత్ర విద్యార్థికి ఎక్కువగా అవసరమయ్యేది ఈ రెండవ రూపం.

మూడు చిన్న సూత్రాలు గుర్తుంచుకోండి.

ఒకటి: వాక్యంలో స్థానం. ‘హ్యావ్’, ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ తరువాత, ప్రధాన క్రియకు ముందు ‘ఆల్రెడీ’ రాయడం మామూలు పద్ధతి. ‘ఈజ్’, ‘వాజ్’ వంటి క్రియ ఒక్కటే ఉన్నప్పుడు దాని తరువాత వస్తుంది: “హి వాజ్ ఆల్రెడీ దేర్.”

రెండు: ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాక్యంలో గడిచిపోయిన నిర్దిష్ట కాలాన్ని చేర్చకూడదు. “ఐ హ్యావ్ ఆల్రెడీ సెంట్ ఇట్ ఎస్టర్‌డే” తప్పు. నిన్న అని చెప్పదలిస్తే “ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే” చాలు. పంపడం అయిపోయిందని చెప్పదలిస్తే ‘ఎస్టర్‌డే’ తీసివేయండి. మన తెలుగు “ఆల్రెడీ నిన్నే పంపేశాను” అనే వాక్యం నుంచి ఈ పొరపాటు వస్తుంది.

మూడు: వ్యతిరేకార్థంలో ‘ఆల్రెడీ’ బదులు ‘యెట్’ వస్తుంది. ‘అప్పటికి ఇంకా లేదు’ అంటే ‘హ్యాడ్ నాట్ యెట్’. ఇక్కడ మన ‘ఇంకా’తో జాగ్రత్త పడాలి. ‘ఇంకా రాలేదు’లోని ‘ఇంకా’కు ‘యెట్’ సరిపోతుంది. ‘ఇంకా ఉంది’లోని ‘ఇంకా’కు ‘స్టిల్’ కావాలి. అంటే ఆల్రెడీ, యెట్, స్టిల్ మూడూ ఒకే గడువు చుట్టూ ఉండే మాటలు: గడువుకు ముందే అయిపోయినది, గడువుకు కూడా కానిది, గడువు వరకూ కొనసాగుతున్నది.

ఇక్కడ మరొక మాట. రాతలో ‘ఆల్రెడీ’ ఒకే పదం. ‘ఆల్ రెడీ’ అని రెండు పదాలుగా రాస్తే ‘అందరూ సిద్ధం’ లేదా ‘పూర్తిగా సిద్ధం’ అని అర్థం మారిపోతుంది.

3. రెండు పితూరీలు, ఒక చట్టం

ఇప్పుడు ఆ జవాబు పత్రం దగ్గరకు వద్దాం. రంప తిరుగుబాటు 1879లో మొదలైంది. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. కాబట్టి సరైన వాక్యం: “వెన్ ది రంపా రెబెలియన్ బిగాన్ ఇన్ 1879, ది మద్రాస్ ఫారెస్ట్ యాక్ట్ హ్యాడ్ నాట్ యెట్ బీన్ పాస్డ్.”

ఈ ‘నాట్ యెట్’ రాయగానే ఒక పని మీ మీద పడుతుంది. ఆ చట్టం కారణం కానప్పుడు మరి కారణాలేమిటి? అప్పటికే ఏమేమి ఉన్నాయి? రంప మన్సబుదారు వసూళ్లు అప్పటికే భారంగా ఉన్నాయి. కొండవాళ్లు తాము తాగడానికి తీసుకునే కల్లు మీద కూడా చిగురుపన్ను పేరుతో పన్ను పడింది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులకు అనుకూలంగా మారిన కోర్టు వ్యవహారాలు కొండల్లోకి చేరాయి. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెనుక జనం నడవడానికి ఇవీ కారణాలు. తప్పు కారణాన్ని తొలగిస్తేనే అసలు కారణాలకు చోటు దొరుకుతుంది.

నలభై ఏళ్లు ముందుకు రండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆయుధాల కోసం జరిగిన ఈ మూడు దాడులూ మీకు తెలిసినవే. ఇక్కడ అటవీ చట్టం సంగతి ఏమిటి? “వెన్ ది రివోల్ట్ బిగాన్ ఇన్ 1922, ది ఫారెస్ట్ యాక్ట్ హ్యాడ్ ఆల్రెడీ బీన్ ఇన్ ఫోర్స్ ఫర్ నియర్లీ ఫార్టీ ఇయర్స్.” పోడు మీద ఆంక్షలు, రిజర్వు అడవుల హద్దులు, రోడ్ల పనిలో వెట్టి, ఇవన్నీ అప్పటికే ఒక తరం అనుభవించింది. 1879కి కారణం కాజాలని చట్టం 1922కి ప్రధాన కారణాల్లో ఒకటి అయింది. చట్టం అదే, ప్రాంతమూ దాదాపు అదే. ‘నాట్ యెట్’ పోయి ‘ఆల్రెడీ’ వచ్చింది.

ఇటువంటిదే ఇంకొక పొరపాటు. “సీతారామరాజు పోరాటం చూసి భయపడి, గిరిజనుల భూములు కాపాడడానికి బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది” అని కొందరు రాస్తారు. ఏజెన్సీ ప్రాంతాల భూమి బదిలీ చట్టం 1917లోనే వచ్చింది. పోరాటం మొదలయ్యే నాటికి దానికి ఐదేళ్లు. అంటే మీరు ఆలోచించవలసిన ప్రశ్న మారిపోయింది: రక్షణ చట్టం అప్పటికే ఉన్నా తిరుగుబాటు ఎందుకు వచ్చింది? కాగితం మీద భూమికి రక్షణ ఉంది. అడవిలో పోడుకు లేదు, వెట్టి నుంచి మనిషికి లేదు. ఒక్క ‘అప్పటికే’ మిమ్మల్ని తేలిక జవాబు నుంచి లోతైన జవాబు వైపు నడిపించింది.

జిల్లాల పేర్లతో కూడా జాగ్రత్త అవసరం. “1922లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లిలో” అని రాసేవారున్నారు. ఆ పేరుతో జిల్లా 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా ఏర్పడింది. పోరాటం జరిగిన నాటికి ఆ జిల్లా ఇంకా లేదు. “ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి” అని రాస్తే సరిపోతుంది.

4. బొర్రా గుహలు: ‘కనుగొన్నారు’ అనే మాట

అనంతగిరి మండలంలోని బొర్రా గుహల గురించి పర్యాటక పుస్తకాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో ఈ గుహలను కనుగొన్నాడని. దీనిని మన ప్రశ్నతో పరీక్షించండి. భారత భూగర్భ సర్వే సంస్థ 1851లో ఏర్పడింది. 1807 నాటికి ఆ సంస్థ ఇంకా లేదు. కాబట్టి సంవత్సరమైనా తప్పు, సంస్థ పేరైనా తప్పు. ఎన్ని పుస్తకాల్లో అచ్చయినా రెండూ కలిసి నిజం కాలేవు. కొత్త పత్రమేదీ తవ్వి తీయకుండానే, రెండు తేదీలు పక్కపక్కన పెట్టి మీరు ఈ సంగతి తేల్చగలిగారు.

ఇక ‘కనుగొన్నాడు’ అనే మాట. ఎవరు కనుగొన్నారని చెప్పినా, అప్పటికే ఆ గుహ ఎవరికి తెలుసు అని అడగాలి. ఆవు ఒకటి పై నుంచి గుహలో పడిపోతే వెతుక్కుంటూ వెళ్లిన పశువుల కాపరికి లోపల శివలింగం వంటి రాయి కనిపించిందని చుట్టుపక్కల గ్రామాల వారు చెబుతారు. గోస్తనీ నది పేరును కూడా ఆ ఆవుతోనే ముడిపెడతారు. ఈ కథకు తేదీ లేదు. తేదీ లేని కథతో “1807కు ముందే” అని నిరూపించలేము. అయితే గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్తలకు దొరికిన ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు వేరే సాక్ష్యం. ఏ యూరోపియన్ అధికారీ పుట్టకముందే మనుషులు అక్కడికి వచ్చారని అవి చెబుతాయి. కాబట్టి మీ వాక్యం ఇలా ఉండవచ్చు: “పీపుల్ హ్యాడ్ ఆల్రెడీ యూజ్డ్ ది కేవ్స్ లాంగ్ బిఫోర్ ఎనీ యూరోపియన్ డిస్క్రైబ్డ్ దెమ్.” ‘డిస్కవర్డ్’ పోయి ‘డిస్క్రైబ్డ్’ వచ్చిందని గమనించండి. ‘ఆల్రెడీ’ నిజాయితీగా వాడితే పక్కనున్న క్రియ కూడా సరిదిద్దుకోక తప్పదు.

5. భూమి తగాదాల్లో ‘అప్పటికే’

ఇంతవరకు మార్కుల సంగతి. ఇకపై భూమి సంగతి.

1917 చట్టం ప్రకారం ఏజెన్సీలో కొండజాతి వ్యక్తి తన భూమిని ఇతరులకు బదిలీ చేయాలంటే ఏజెంటు రాతపూర్వకమైన అనుమతి ముందుగా ఉండాలి. ‘ముందుగా’ అనే మాట గమనించండి. బదిలీ నాటికే అనుమతి ఉండాలి. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. దానిని 1970లో సవరించారు. మన్యంలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది ఈ సవరణనే. దీనితో షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనుడికే అమ్మాలి. గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు.

ఈ సవరణలో మరొక ముఖ్యమైన అంశం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి బదిలీ అయి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించే భారం ఆ గిరిజనేతరుడిదే. అంటే “ఈ భూమి అప్పటికే మాది” అని ఎవరంటారో వారే ఆ ‘అప్పటికే’ను రుజువు చేయాలి. మరోవైపు, ఈ నిషేధం తాను రాకముందు జరిగిన బదిలీలకు వెనక్కి వెళ్లి వర్తించదని కూడా న్యాయస్థానాలు చెప్పాయి. అందువల్ల ఒక దస్తావేజు మీది తేదీ 1970కి ముందుదా, తరువాతదా అన్నది ఒక కుటుంబం తలరాతను మార్చగలదు.

“ఇప్పటికే ఉంది కదా” అన్న వాదన ప్రతిచోటా నిలవదని చెప్పడానికి బొర్రా ప్రాంతమే ఉదాహరణ. అక్కడి గిరిజన గ్రామాల్లో ప్రైవేటు వారికి ఇచ్చిన గనుల లీజులపై ‘సమత’ అనే సంస్థ సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజు ఇవ్వరాదని కోర్టు చెప్పింది. అంతేకాదు, లీజును పునరుద్ధరించడం అంటే కొత్తగా ఇవ్వడమేనని, అదీ నిషిద్ధమేనని తేల్చింది. పాత లీజు అప్పటికే ఉండవచ్చు. పునరుద్ధరణ మాత్రం తనకు తానుగా కొత్త తేదీ పెట్టుకుని వస్తుంది.

6. ఒక పోడు రైతుకు రెండు గడువులు

2006లో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టాన్ని ఇప్పుడు మన వ్యాకరణంతో చదవండి. షెడ్యూల్డు తెగకు చెందిన రైతు పోడు భూమిపై హక్కు పొందాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమిని సాగు చేస్తూ ఉండాలి. ఇది ‘ఆల్రెడీ’. చట్టం అమలులోకి వచ్చిన 2007 డిసెంబరు 31 నాటికి కూడా భూమి ఆయన స్వాధీనంలో ఉండాలి. ఇది ‘స్టిల్’. హక్కు నాలుగు హెక్టార్లకు మించదు. అడవిపై ఆధారపడే ఇతర కుటుంబాలైతే, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ నివాసం ఉన్నట్లు చూపాలి. ఒకే చట్టంలో ఒకరికి ఒక గడువు, మరొకరికి వేరే గడువు.

రుజువు ఎలా? కాగితాలు లేని వారికి కూడా నియమాలు దారి చూపాయి. సాగు కోసం వేసిన గట్లు, చదును చేసిన నేల, ఇళ్లు, బావులు, శ్మశానాలు, పూజించే స్థలాలు ఆధారాలే. హక్కు కోరుతున్న వారు కాక ఇతర పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఆధారమే. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూడాలి. ప్రక్రియ గ్రామసభలో మొదలవుతుంది.

ఒక గ్రామసభను ఊహించుకోండి. పెద్దాయన ఒకరు లేచి “రైలు రాకముందే ఈ మెట్ట వాళ్లది” అన్నారనుకుందాం. ఆయన తేదీ చెప్పలేదు. గడువు మాత్రం చెప్పారు. దానిని తేదీగా మార్చడం చరిత్ర విద్యార్థి పని. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం అరకు మీదుగా వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960లలో నిర్మించినది. కాబట్టి షెడ్యూల్డు తెగ రైతుకు ఆ మాట బలమైన ఆధారం. 2005 కంటే అది చాలా ముందు. అదే మాట 75 ఏళ్లు చూపవలసిన కుటుంబానికి చాలదు. లెక్క వేస్తే వారి గడువు 1930 డిసెంబరు దగ్గరకు వెళుతుంది. వారి విషయంలో “రామరాజు పితూరీ నాటికే” అన్న జ్ఞాపకం దొరికితే అది 1922–24 నాటిది, గడువుకు ముందుది. అప్పుడు ఆ కుటుంబం నాటి పాత శ్మశానమో, పూజాస్థలమో ఆ జ్ఞాపకానికి తోడు కావాలి.

మీలో కొందరు ఈ కొండల్లోనే పుట్టి, గ్రామ సచివాలయంలోనో పాఠశాలలోనో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. రేపు ఇటువంటి వాంగ్మూలం రాసే పెన్ను మీ చేతికే రావచ్చు. “చాలా కాలం నుంచి సాగు చేస్తున్నారు” అని రాస్తే ఆ కాగితంలో గడువు లేదు, బలమూ లేదు. “రైలు మార్గం వేయకముందే సాగులో ఉంది, నేటికీ ఉంది, గట్టు ఫలానా చోట ఉంది” అని రాయండి.

7. సారాంశం

‘ఆల్రెడీ’ వెనుక ఎప్పుడూ ఒక గడువు ఉంటుంది. తెలుగులో అది ‘ఇప్పటికి’, ‘అప్పటికి’ అనే మాటల్లో కనిపిస్తుంది. ఇంగ్లీషులో అది క్రియారూపంలో దాగి ఉంటుంది. ఆ గడువు ఏదో తెలిస్తే వాక్యం సరిగా వస్తుంది. ఆ గడువుకు ఆధారం ఉంటే చరిత్ర సరిగా వస్తుంది. మన్యంలో భూమి హక్కు సైతం చాలాసార్లు దాని మీదే ఆధారపడింది. ‘ఆల్రెడీ’ రాయబోయే ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎప్పటికి? ఏ ఆధారంతో?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “1970 సవరణ వచ్చే నాటికి 1917 చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది.” ఈ వాక్యాన్ని ‘హ్యాడ్ ఆల్రెడీ’తో ఇంగ్లీషులో రాయండి.
2. “ఐ హ్యావ్ ఆల్రెడీ విజిటెడ్ అరకు లాస్ట్ ఇయర్.” ఇందులోని తప్పును వివరించి, రెండు విధాలుగా సరిదిద్దండి.
3. 1879, 1922 తిరుగుబాట్ల కారణాలను పోలుస్తూ పది వాక్యాలు రాయండి. ప్రతి కారణం పక్కన అది ఆనాటికి ఉన్నదో లేదో గుర్తించండి.
4. మీ ఊరిలో ఒక పెద్దమనిషిని కలిసి, ఆయన గాని ఆమె గాని ‘రాకముందే’, ‘నాటికే’ అని చెప్పిన మూడు జ్ఞాపకాలు రాసుకోండి. వాటిలో ఏ ఏ జ్ఞాపకానికి తేదీ నిర్ణయించగలరో, ఎలా నిర్ణయించారో రాయండి.